సరమ సంతానం

మన భాషలో కుక్కకున్న పేర్లన్నిటిలోకీ నాకు ఇష్టమైనది సారమేయం. సరమ బిడ్డ గనక సారమేయం. జనమేజయ మహారాజు యాగం చేస్తున్నచోటికి ఆడుకుంటూ వచ్చిన ఒక కుక్కపిల్లను రాజుగారి తమ్ముళ్లు ముగ్గురూ పట్టుకుని కొట్టారు. అది ఏడ్చుకుంటూ పోయి తల్లితో చెప్పింది. తల్లి తిన్నగా యాగశాలకు వచ్చి, నా బిడ్డ హవిస్సు ముట్టలేదు, దానివంక చూడనైనా లేదు, ఏ తప్పు చేసిందని కొట్టారని నిండుసభలో నిలదీసింది. నన్నయగారి ఆదిపర్వంలో వుంది ఈ కథ. ఇరవై ఏళ్లుగా క్లాసులో ఈ ఘట్టం చెబుతున్నాను. వెనక బెంచీల మీద కునికిపాట్లు పడేవాళ్లు కూడా ఇక్కడికి వచ్చేసరికి తలెత్తి వింటారు.

అయితే ఒక తల్లికుక్క బిడ్డల కోసం రాత్రీ పగలూ ఎంత పాటు పడుతుందో నేను తెలుసుకున్నది పుస్తకంలో కాదు. 2023 డిసెంబరులోనూ, ఆ తరువాతి జనవరిలోనూ, రాజమండ్రిలో మా పెరటి వసారాలో. జాతికుక్క పిల్లను కొనుక్కోవాలని ముచ్చటపడేవారూ, ఒక ఆడకుక్కను తెచ్చి పిల్లలు పెట్టించి అమ్ముకుందామనుకునేవారూ ఈ మధ్య ఎక్కువగానే కనిపిస్తున్నారు. ఆ ముచ్చట వెనకాల ఏమేం వుంటాయో కాస్త వివరంగా చెబితే వాళ్లకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

మా ఆవిడ అన్నగారు బ్యాంకులో అధికారి. మధురైలో నాలుగేళ్లు పనిచేశారు. అక్కడ వున్నప్పుడు రాజపాళయం నుంచి ఒక ఆడకుక్కపిల్లను తెచ్చి పెంచుకున్నారు. ఒళ్లంతా తెలుపు గనక మల్లి అని పేరు పెట్టారు. మూడో ఏట దాన్ని అదే జాతి మగకుక్కతో జతకట్టించారు. సరిగ్గా అప్పుడే ఆయనకు గౌహతికి బదిలీ అయింది. అక్కడ దొరికిన యిల్లు మూడో అంతస్తులో రెండు గదుల వాటా. అంచేత మల్లిని కారులో ఆగుతూ ఆగుతూ రెండు రోజులు ప్రయాణం చేయించి మా యింటికి తెచ్చారు. "ఎనిమిది వారాలు చూసుకోండి బావగారూ, పిల్లలకోసం అడిగేవాళ్లు అప్పుడే లైనులో వున్నారు" అని చెప్పి, మా అమ్మకు దణ్ణం పెట్టి వెళ్లిపోయారు. ఎనిమిది వారాల లెక్క పిల్లలు పుట్టిన నాటినుంచి వేసుకోవాలని ఆయన ఉద్దేశం.

రాజపాళయం పేరు వినగానే మనం ఊరుకోకూడదు. ఆ ఊరు తమిళదేశంలో పడమటి కనుమల పాదాన వుంది గాని, ఆ ఊరికి పేరిచ్చిన రాజులు మనవైపునుంచి విజయనగర కాలంలో వలసపోయిన తెలుగువాళ్లు. యిళ్లలో ఇప్పటికీ తెలుగు మాట్లాడతారు. ఉమ్మడి మద్రాసు రాష్ట్రానికి 1949 నుంచి 1952 దాకా ముఖ్యమంత్రిగా వున్న కుమారస్వామిరాజా గారిది ఆ ఊరే. అడవిపంది వేటకూ, పొలాల కాపలాకూ ఆ రాజులు పెంచుకుంటూ వచ్చిన కుక్కలకే రాజపాళయం జాతి అని పేరు నిలిచింది. పాలవంటి తెలుపు, గులాబి రంగు ముక్కు, సన్నని నడుము, పొడుగాటి కాళ్లు. 2005లో తపాలా శాఖవారు నాలుగు దేశవాళీ జాతికుక్కల మీద బిళ్లలు వేసినప్పుడు అందులో ఇది కూడా వుంది. కనక మల్లి మాకు పూర్తిగా పరాయిపిల్ల కాదన్నమాట. మా ఆవిడ ఈ సంగతి విని, "అయితే అరవంలో పిలవక్కరలేదు" అంది.

కుక్క చూలు మోసేది సుమారు అరవైమూడు రోజులు. యాభై అయిదో రోజుకల్లా నేను వడ్రంగిచేత నాలుగడుగుల చదరపు చెక్కగూడు చేయించి వసారాలో ఒక మూల పెట్టించాను. అందులో చూడవలసిన విశేషం ఒకటుంది. లోపల నాలుగు గోడల వెంటా అడుగునుంచి నాలుగంగుళాల ఎత్తున కర్రబద్ద కొట్టించాలి. తల్లి గోడకు ఆనుకుని పడుకున్నప్పుడు వీపు వెనక చిక్కుకున్న పిల్ల నలిగిపోకుండా ఆ బద్ద కిందికి దూరుతుంది. అడుగున పాత చీరలూ, పంచెలూ. మా అమ్మ తన నేత చీరలు నాలుగు ఇచ్చింది, అది కూడా పురుడే కదా అని.

ఈత దగ్గరపడిందని తెలియడానికి థర్మామీటరే మంచి సాక్షి. మామూలుగా కుక్క ఒంటి వేడి 101 నుంచి 102న్నర డిగ్రీల దాకా వుంటుంది. ఇక ఒక్కరోజులో ఈనుతుందనగా అది 99కి దిగువకు పడుతుంది. డిసెంబరు 4న ఉదయం చూస్తే 98న్నర. సాయంకాలానికి మల్లి అన్నం ముట్టలేదు, రొప్పుతూ గూట్లో చీరలు గీరడం మొదలుపెట్టింది. రాత్రి పన్నెండు దాటాక మొదటి పిల్ల వచ్చింది. తెల్లవారేసరికి ఏడు. ప్రతి పిల్లా పలచని సంచీలో చుట్టుకుని పుడుతుంది. తల్లి ఆ సంచీ పళ్లతో చించి, బొడ్డుతాడు కొరికి, నాకుతుంది. మనకు గారాబంలా కనిపించే ఆ నాకుడే పిల్లకు ఊపిరి పోస్తుంది. మనం చేయవలసిన పని కూర్చుని చూడడమే. పిల్లకూ పిల్లకూ మధ్య రెండు గంటలు దాటినా, అరగంట గట్టిగా ముక్కినా పిల్ల బయటికి రాకపోయినా అప్పుడు పశువైద్యుణ్ణి లేపాలి. మాకా అవసరం రాలేదు.

పుట్టిన పిల్లలకు కళ్లు లేవు, చెవులు లేవు, అంటే మూసుకుని వుంటాయి. వాటికున్నవి రెండే తెలివితేటలు. వెచ్చదనం ఎటువుందో అటు పాకడం, చన్ను దొరికితే వదలకపోవడం. మొదటి రోజున తాగే ముర్రుపాలతోనే తల్లి దగ్గరున్న రోగనిరోధక శక్తి పిల్లకు చేరుతుంది. ఒకరోజు గడిచిందా, పేగు ఆ శక్తిని లోపలికి తీసుకోవడం మానేస్తుంది. అందుకని ఏడు పిల్లలూ చన్ను అందుకున్నాయో లేదో లెక్కపెట్టి మరీ చూశాను.

ఇక చలి సంగతి. మొదటి వారంలో పిల్లకు వణకడం కూడా చేతకాదు. వణుకు అనేది ఒంట్లో వేడి పుట్టించే ఉపాయమని అప్పుడే నాకు తెలిసివచ్చింది. పిల్లలుండే చోటు మొదటి వారం 85 నుంచి 90 డిగ్రీల ఫారన్‌హీటు వుండాలి. గోదావరి ఒడ్డున డిసెంబరు రాత్రి అంతకు ఇరవై డిగ్రీలు తక్కువ. గూటికి ఒక పక్కన మాత్రమే బల్బు వేలాడదీశాను. రెండో పక్క చల్లగా వుంటే, వేడెక్కువైన పిల్ల అటు పాకిపోతుంది. రెండు రోజులు చూసేసరికి థర్మామీటరు అక్కరలేకుండానే పిల్లల పడక చూసి చెప్పగలిగాను. ఒకదానిమీద ఒకటి గుట్టగా పడుంటే చలి. దూరందూరంగా చెదిరి అరుస్తూ వుంటే వేడి. పక్కపక్కన ఒరిగి, నిద్రలో తుళ్లిపడుతూ వుంటే సుఖం.

ఏడూ తెల్లవే గనక ఏది ఏదో గుర్తుండదు. మా అమ్మాయి వాటి మెడలకు రంగు రంగుల ఊలుదారాలు వదులుగా కట్టింది. రోజూ విప్పి మళ్లీ వదులు చేయాలి, పిల్లలు అంత తొందరగా పెరుగుతాయి. ఆ దారాల రంగులే పేర్లయిపోయాయి. ఎరుపు, నీలం, పసుపు, నలుపు, ఇలాగ. వంటింటి కాటా మీద గిన్నె పెట్టి పొద్దునా సాయంత్రం తూచి నోటుపుస్తకంలో రాసేది. జాతికుక్కల పెంపకంలో ఈ కాటాను మించిన డాక్టరు లేడని నా అభిప్రాయం. పిల్ల అరవకముందే, నీరసించకముందే కాటా చెప్పేస్తుంది. రోజూ కొంచెమైనా పెరగాలి, పది రోజులకల్లా పుట్టినప్పటి తూకానికి రెట్టింపు కావాలి. నీలం 430 గ్రాములతో పుట్టింది, తొమ్మిదో రోజుకే రెట్టింపు దాటింది. ఆకుపచ్చ 260తో పుట్టింది. రెండో రోజున 250, మూడో రోజున 235.

ఆకుపచ్చను తల్లి రెండుసార్లు ముక్కుతో పక్కకు తోసింది. మా ఆవిడకు కోపం వచ్చింది, కన్నతల్లి ఇలా చేస్తుందా అని. కాని పిల్ల ఒళ్లు చల్లబడితే తల్లి దాన్ని తన పిల్లగా గుర్తించదు. అప్పుడు చాలామంది చేసే పని, అయ్యో ఆకలితో వుంది గాబోలని నోట్లో పాలు పోయడం. అదే ప్రాణం తీస్తుంది. చల్లబడిన పిల్లకు పేగు కదలదు, పాలు అరగవు, లోపలే పులిసిపోతాయి. ముందు వెచ్చబరచాలి, అదీ మెల్లగా, గంటా రెండు గంటల మీద. ఆ తరువాతే ఆహారం. నేను చొక్కా లోపల పొట్టకు ఆనించి పెట్టుకుని ఆ రాత్రి కుర్చీలో కూర్చున్నాను. తెల్లవారేసరికి వెచ్చబడి, చన్ను పట్టింది. నాలుగో రోజు పది గ్రాములు పెరిగింది కూడాను. అయిదో రోజు వేకువన చూస్తే చనిపోయి వుంది. కొన్ని పిల్లలు ఇలాగే పోతాయనీ, పోయేవాటిలో ఎక్కువ మొదటి వారం రెండు వారాల్లోనే పోతాయనీ పశువైద్యుడు చెప్పాడు. మా అమ్మాయి నోటుపుస్తకంలో ఆ వరసకు గీత కొట్టలేదు, ఖాళీగా వదిలేసింది. పెరట్లో నందివర్ధనం పక్కన పూడ్చిపెట్టాం.

పధ్నాలుగు రోజులకు కళ్లు విచ్చుకున్నాయి, ఆపైన మూడు నాలుగు రోజుల్లో చెవులు. మొదటి రెండు మూడు వారాలు పిల్లలు తమంతట తాము మలమూత్రాలు కూడా విడవలేవు. తల్లి నాకితేనే వస్తాయి. వచ్చినదాన్ని ఆవిడే శుభ్రం చేసేస్తుంది కూడాను. గూడు అంత పరిశుభ్రంగా ఎలా వుందా అని మెచ్చుకున్న చుట్టాలకు నేను ఈ రహస్యం భోజనాలయ్యాకనే చెప్పేవాణ్ణి.

పందొమ్మిదో రోజు రాత్రి మల్లి గూట్లోంచి లేచి కాళ్లు బిర్రబిగిసినట్టు నడవడం మొదలుపెట్టింది. ఒళ్లంతా వణుకు. ముట్టుకుంటే కాలిపోతోంది, 105 డిగ్రీలు. ఆరు పిల్లలకు పాలిచ్చే తల్లి నెత్తుట్లో సున్నం, అంటే కాల్షియం, హఠాత్తుగా పడిపోతే ఇలా అవుతుంది. ఆలస్యం చేస్తే కొన్ని గంటల్లో ప్రాణం పోతుంది. డాక్టరుగారు వచ్చి, గుండె మీద గొట్టం ఆనించి వింటూ, నరానికి కాల్షియం మందు చుక్కచుక్కగా ఎక్కించారు. సూది తీయకముందే వణుకు తగ్గింది. అంత వింతైన వైద్యం నేను చూడలేదు. ముందు జాగ్రత్త అని చూలు కాలంలోనే కాల్షియం సీసాలు తాగించేవారున్నారు. అది మరీ చెరుపు. బయటినుంచి ఎక్కువగా వస్తూ వుంటే, ఎముకల్లోంచి తీసుకునే అలవాటును ఒళ్లు మరిచిపోతుంది. తీరా పాలు పడ్డాక చేతులెత్తేస్తుంది.

ఆ రాత్రీ, మర్నాడూ పిల్లల్ని తల్లికి దూరంగా వుంచి సీసాపాలు పట్టాం. ఆవుపాలు కుక్కపిల్లకు చాలవు. ఆవుపాలల్లో మాంసకృత్తులు నూటికి మూడు చిల్లర, కుక్కపాలల్లో ఏడు పైచిలుకు. కొవ్వూ రెట్టింపు పైనే. చక్కెర మాత్రం ఆవుపాలల్లోనే ఎక్కువ, అదే విరేచనాలకు మూలం. కుక్కపిల్లలకని అమ్మే పాలపొడి మందుల షాపులో దొరుకుతుంది. పట్టేటప్పుడు పిల్లను మన బిడ్డల్లాగా వెల్లకిలా ఒళ్లో పడుకోబెట్టకూడదు. బోర్లా వుంచి తల కొంచెం ఎత్తి పట్టాలి. లేకపోతే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

నాలుగో వారంలో పాలు మాన్పించడం మొదలైంది. అప్పుడొచ్చింది మా యింట్లో అసలు చిక్కు. మాది శాకాహారపు కొంప. జావకాచిన అన్నంలో ఉడికించిన కోడిమాంసం మెత్తగా నూరి కలపాలని డాక్టరుగారి ఆజ్ఞ. మా అమ్మ ఒక పూటంతా మాట్లాడలేదు. సాయంత్రం తనే వసారా చివర పాత కిరసనాయిలు స్టవ్వు పెట్టించి, రెండు గిన్నెలు విడిగా ఇచ్చి, "ఈ గీత దాటి ఆ గిన్నెలు ఇటు రాకూడదు" అని ముగ్గుతో గీత వేసింది. తరువాత పదిరోజులకు ఆవిడే, "నలుపు ఇవాళ సరిగా తినలేదు, గుడ్డు కలపకపోయావూ" అని అడిగింది. ముగ్గు గీతను మాత్రం రోజూ పొద్దున్నే కొత్తగా వేసేది.

ఏలికపాముల మందు సంగతి కూడా చెప్పాలి. ఇవి తల్లి కడుపులో వుండగానే పిల్లకు చేరతాయి, పాలద్వారా కూడా వస్తాయి. గూడు ఎంత శుభ్రంగా వున్నా తప్పవు. కనక రెండో వారం నుంచి పక్షానికొకసారి మందు పడాలి. తల్లికి కూడా.

పిల్లలు నడక నేర్చేసరికి చూడ్డానికి వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. ఇక్కడ నేను కొంచెం కఠినంగానే వున్నాను. పార్వో అనే వైరసు 1970ల చివర్లో ప్రపంచమంతా పాకిన జబ్బు. నెత్తురు విరేచనాలతో కుక్కపిల్లను రెండు మూడు రోజుల్లో తీసుకుపోతుంది. నేలమీద నెలల తరబడి బతికే వుంటుంది, చెప్పులతో యింట్లోకి వస్తుంది. చెప్పులు గుమ్మం బయట విడిచే మన ఆచారం ఇక్కడ కలిసివచ్చింది. అయినా కాళ్లు కడుక్కోమనేవాణ్ణి. వసారా నేలను ఒక పాలు బ్లీచింగు ద్రావకానికి ముప్పై పాళ్ల నీళ్లు కలిపి కడిగించాను. మొదటి టీకా ఆరునుంచి ఎనిమిది వారాల మధ్య, తరువాత మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారు వారాలు నిండేదాకా. ఒకటి వేస్తే చాలదా అంటారు. తల్లినుంచి వచ్చిన శక్తి ఇంకా ఒంట్లో వుంటే టీకాను పనిచేయనీయదు. ఆ శక్తి ఏ వారంలో తగ్గుతుందో ఒక్కొక్క పిల్లకు ఒక్కొక్క తీరు. అందుకని మళ్లీ మళ్లీ వేయడం. పిచ్చికుక్క జబ్బుకు టీకా మూడు నెలలకు.

నెల దాటగానే ఫోన్లు. "ముప్పై రోజులైందిగదండీ, పంపించేయండి, చిన్నప్పుడే తెచ్చుకుంటే మనకు బాగా అలవాటవుతుంది" అని ఒకరు. ఒకాయన సంక్రాంతికి మనవడికి కానుక ఇవ్వాలని పట్టుపట్టారు. మన దేశంలో 2017లో వచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదు. నిబంధన లేకపోయినా నేను ఇచ్చివుండేవాణ్ణి కాను. నాలుగో వారం నుంచి ఆ గూడొక బడి. నలుపు ఎరుపు చెవిని గట్టిగా కొరికితే ఎరుపు కీచుమని అరిచి ఆట మానేసి వెళ్లిపోతుంది. నలుపు తెల్లబోయి నిలబడుతుంది. మర్నాడు కొంచెం మెత్తగా కొరుకుతుంది. పళ్లు ఎంతవరకు వాడవచ్చునో నేర్పే మేష్టర్లు తోబుట్టువులూ తల్లే. అమెరికాలో స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఏళ్ల తరబడి కుక్కపిల్లల్ని పరిశీలించి 1965లో పెద్ద పుస్తకం వేశారు. మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా పడిన ముద్ర జన్మంతా పోదని తేల్చారు. నెలపిల్లను తెచ్చుకుని, పెద్దయ్యాక కరుస్తోందని ఏడ్చే యజమానులు ఈ సంగతి ఆలోచించాలి.

సంక్రాంతి ముందురోజు, భోగినాడు, గంగిరెద్దులవాడు మా వీధిలోకి వచ్చాడు. సన్నాయి అందుకుని గుమ్మం ముందు ఒక్కసారి ఊదాడు. అయిదు పిల్లలూ ఉలిక్కిపడి లేచాయి. పసుపు తల్లి పొట్టకిందకి దూరింది. నీలం మాత్రం కాళ్లు చాపుకుని నిద్రపోతూనే వుంది. డోలు మోగినా కదల్లేదు. అయిదు నిమిషాల తరువాత తల్లి లేచి నడిచింది, నేల అదిరిందో, వాసన తగిలిందో, అప్పుడు కళ్లు తెరిచింది. "నాన్నా, నీలానికి వినపడదు" అంది మా అమ్మాయి. ఎవరూ మాట్లాడలేదు.

మరునాడు జాగ్రత్తగా చూశాం. పిల్ల ఒక్కతే వున్నప్పుడు, మనల్ని చూడనప్పుడు, గాలి తగలకుండా, నేల అదరకుండా చప్పుడు చేయాలి. గుంపులో వుంటే మిగతావి లేవడం చూసి అదీ లేస్తుంది, మనం మోసపోతాం. గోడచాటునుంచి గరిట వాయించాం, గంట కొట్టాం, ఫోనులో కుక్కల అరుపులు వినిపించాం. లాభం లేదు. డాక్టరుగారూ అదే అన్నారు. రెండు చెవుల్లోనూ చెవుడైతే ఇలా పట్టుకోవచ్చు. ఒక్క చెవే పోయిన పిల్లను యింట్లో పట్టుకోలేం. దానికి బేర్ అనే యంత్రపరీక్ష వుంది, చెవిలో చప్పుడు చేసి మెదడులో పుట్టే విద్యుత్తును కొలుస్తుంది. అది అన్నిచోట్లా దొరకదు.

కారణం అడిగితే నాకు ఆశ్చర్యం కలిగింది. చెవుడు ఆ తెలుపులోనే వుంది. చర్మానికీ వెంట్రుకలకూ రంగునిచ్చే కణాలే లోపలిచెవిలో కూడా కొన్ని వుండాలి. అవి అక్కడ రంగు పని కాక వేరే పని చేస్తాయి. వినికిడి కణాలకు కావలసిన జీవద్రవం సక్రమంగా వుండేలా చూస్తాయి. తెల్లజాతుల్లో ఆ కణాలు కొన్ని పిల్లల చెవిదాకా చేరవు. అప్పుడు మూడు నాలుగు వారాల వయసులో వినికిడి కణాలు చచ్చిపోతాయి, మళ్లీ పుట్టవు. మచ్చల డాల్మేషియన్లలోనూ ఇదే జబ్బు. తెల్లని ఒళ్లూ నీలికళ్లూ వున్న పిల్లులు చాలావరకు చెవిటివని డార్విన్ తన గ్రంథంలో రాశాడు. ఎంత తెలుపైతే అంత జాతి అని మనం ఏరుకుంటూ, ఆ తెల్లవాటినే తెల్లవాటితో జతకడుతూ పోయినకొద్దీ చెవిటిపిల్లలు పుట్టే అవకాశాన్ని మనమే పెంచుతున్నాం. మా ఆరింటిలో పసుపుకు ఎడమచెవి మీద బిస్కత్తు రంగు మచ్చ వుంది. ఫోటో చూసి బావగారు పెదవి విరిచారు, అది జాతికి కళంకమట. నీలం ఫోటో చూసి మురిసిపోయారు. మచ్చ వున్నంతమాత్రాన వినికిడికి హామీ లేదనుకోండి, లేకపోతే చెవుడు ఖాయమనీ కాదు. కాని ఏ పిల్లను చూసి పెదవి విరుస్తున్నామో, ఎందుకు విరుస్తున్నామో ఒకసారి ఆలోచించుకోవద్దూ?

చిక్కేమిటంటే, నీలాన్ని బావగారు అప్పటికే తన పై అధికారి ఒకాయనకు మాటిచ్చివున్నారు. నేను ఫోను చేసి సంగతి చెప్పాను. కాసేపు పలకలేదు.

"పిల్ల పుష్టిగానే వుందిగదా?"

"అన్నిటికంటే పుష్టి అదే."

"అయితే చెవుడని మనం ఎందుకు చెప్పాలి బావగారూ? చిన్నపిల్ల, మాట వినదు, ఇంకా అలవాటు కాలేదు అనుకుంటారు. తెలిసేసరికి నాలుగు నెలలవుతుంది. అప్పటికి యింట్లో మనిషిలా కలిసిపోతుంది."

"కలవకపోతేనండీ? పిలిస్తే రావడంలేదని కొడతారు. వెనకనుంచి ముట్టుకుంటే బెదిరి పన్ను వేస్తుంది, కరిచే కుక్క అంటారు. ఆ తరువాత ఎక్కడ వదిలేస్తారో ఎవరికి తెలుసు?"

"నా వుద్యోగం సంగతి మీకు తెలియదు" అన్నారాయన. నిజానికి కుక్క ఆయనది, పిల్లలూ ఆయనవే. నాకు మాట్లాడే హక్కు లేదనే చెప్పాలి. అప్పుడు మా ఆవిడ ఫోను తీసుకుంది. "అన్నయ్యా, ఆయనకు నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?" అంది. అంతే.

ఆయనే చెప్పారు. పై అధికారి మంచి మర్యాదగా, అయితే తమకు ఏ పిల్లా వద్దన్నారుట. బావగారు రెండు నెలలు మాకు ఫోను చేయలేదు. మిగతా అయిదు పిల్లలూ ఎనిమిది వారాలు నిండాక, జనవరి చివర, ఒకటొకటిగా వెళ్లిపోయాయి. తీసుకున్న ప్రతివారికీ తోబుట్టువుకు చెవుడని చెప్పాను. మీ పిల్లకు ఒక చెవి వినపడకపోవచ్చు, దీన్ని జతకట్టించకండి అన్నాను. ఒకాయన ఆ మాట విని వెనుదిరిగారు. పసుపును కడియం వైపు మొక్కల తోటలున్న ఒక రైతు తీసుకున్నారు, చెవిమీద మచ్చ చూసి, గుర్తుపట్టడానికి వీలుగా వుంది అన్నారు. మధురైలో మగకుక్క యజమానికి కూడా తెలియజేయమని బావగారిని కోరాను. ఆయన చెబితే అవతలివాడు ఫోను పెట్టేశాడుట. ఆ కుక్కతో ఇంకా ఎన్ని జతలు కట్టిస్తున్నాడో మరి. మల్లికి మాత్రం ఆ ఏడాది మే నెలలో, బావగారి అనుమతితోనే, ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించాం. ఆయన మాట్లాడడం మొదలుపెట్టింది ఆ సందర్భంలోనే.

అమెరికాలో డాల్మేషియన్లు పెంచేవారిలో, పూర్తి చెవిటిపిల్లకు సూదిమందుతో శాశ్వతనిద్రే మేలనే అభిప్రాయం చాలాకాలం వుండేది. నీలాన్ని చూస్తూ ఆ మాట ఒప్పుకోవడం కష్టం. పెంచడం కొంచెం వేరుగా వుంటుంది, అంతే. పిలుపులన్నీ చేతి సైగలే. అరచేయి చూపితే ఆగమని, గుండెమీద చేయి వేసుకుంటే రమ్మని. సైగ అర్థం చేసుకుని వచ్చిన ప్రతిసారీ మొదట్లో చిన్న ముక్క పెట్టేవాళ్లం. రాత్రిపూట పెరట్లో వుంటే వసారా దీపం రెండుసార్లు ఆర్పి వెలిగించాలి. నిద్రపోతున్నప్పుడు మీద చేయి వేయకూడదు, పక్కన నేలమీద తట్టాలి, లేదా ముక్కు దగ్గర చేయి వుంచాలి, వాసనకే లేస్తుంది. యింటికొచ్చే చిన్నపిల్లలకు మొదట ఈ పాఠం చెప్పాకే లోపలికి రానిస్తాం. తాడు లేకుండా వీధిలోకి ఎన్నడూ తీసుకుపోము, వెనకనుంచి వచ్చే లారీ హారను దానికి లేనట్టే. మల్లి వున్నంతసేపు దానికి పెద్ద దిగులు లేదు. గుమ్మంలో ఎవరైనా వస్తే మల్లి లేస్తుంది, మల్లి లేస్తే అది లేస్తుంది, ఇద్దరూ కలిసే మొరుగుతారు. నీలం గొంతు మల్లి గొంతుకంటే పెద్దది. అర్ధరాత్రి పక్కింటివాళ్లు కేకలేస్తూ వుంటారు, దానికేమీ పట్టదు.